జాన్ బోనమ్‌ను వినమనండి, కానీ ఏం వినాలో చెప్పి వినమనండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా అబ్బాయికి పదిహేనేళ్లు. డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు. లెడ్ జెపలిన్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ డ్రమ్మర్ జాన్ బోనమ్‌ను వినమని వాళ్ల సారు చెప్పారట. అప్పటినుంచి ఇంట్లో ఒకటే బాదుడు. ఇతనిలో అంత గొప్పేముంది? తాగి ముప్పై రెండేళ్లకే చనిపోయాడని చదివాను. ఇలాంటి మనిషిని పిల్లాడి ముందు ఆదర్శంగా పెట్టొచ్చా? పైగా రెండు కాళ్లతో వాయించే డబుల్ పెడల్ కొనమని గొడవ. కొనాలా, వద్దా?"

వినమనండి. తప్పకుండా వినమనండి. సారు మంచి మాటే చెప్పారు. కాకపోతే ఏం వినాలో కూడా చెప్పి పంపాల్సింది. నేను చాలా ఏళ్లుగా స్టేజీల మీద, స్టూడియోల్లో డ్రమ్స్ వాయిస్తున్నాను, పిల్లలకు నేర్పుతున్నాను. బోనమ్‌ను కొత్తగా విన్న కుర్రాళ్లు చాలామంది మొదటి నెలంతా కర్రలు విరగ్గొడతారు. రికార్డులో శబ్దం అంత పెద్దగా ఉంది కాబట్టి మనిషి అంత బలంగా బాది ఉంటాడని వాళ్ల లెక్క. అతనికి బలం ఉన్నమాట నిజమే. కానీ ఆ శబ్దం అలా రావడానికి అసలు కారణాలు వేరే ఉన్నాయి. అవి మీ అబ్బాయికి అర్థమైతే ఇంట్లో బాదుడు తనంతట తానే తగ్గుతుంది.

ముందు మనిషి గురించి చెప్తాను.

జాన్ హెన్రీ బోనమ్ 1948 మే 31న ఇంగ్లండ్‌లోని వుస్టర్‌షైర్‌లో, రెడిచ్ అనే ఊళ్లో పుట్టాడు. బర్మింగ్‌హామ్‌కు దక్షిణంగా ఉండే ఈ ఊరు ఒకప్పుడు సూదుల తయారీకి ప్రసిద్ధి. తండ్రిది ఇళ్లు కట్టే పని. ఐదేళ్ల వయసుకే ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ పిల్లాడికి డ్రమ్ములయ్యాయి. కాఫీ డబ్బాలు, వైర్లు బిగించిన టిన్నులు, ఏది దొరికితే అది. పదేళ్లప్పుడు అమ్మ ఒక స్నేర్ డ్రమ్, అంటే అడుగున సన్నని తీగలుండే చిన్న డ్రమ్, కొనిచ్చింది. పదిహేనేళ్లప్పుడు, అంటే ఇప్పుడు మీ అబ్బాయి వయసులో, నాన్న ప్రీమియర్ కంపెనీ కిట్ కొనిచ్చాడు. గురువు దగ్గర పద్ధతిగా కూర్చుని నేర్చుకున్నది లేదు. ఊళ్లో వాయించేవాళ్లను చూసి, అడిగి, వాళ్ల సలహాలు పట్టుకుని నేర్చుకున్నాడు. అతనికి ఇష్టమైనవాళ్లు జీన్ క్రూపా, బడ్డీ రిచ్ లాంటి అమెరికన్ జాజ్ డ్రమ్మర్లు. ఈ ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి. బోనమ్ వాయింపులో ఆ ఊపు, ఆ నడక వచ్చింది అక్కడి నుంచే. రాక్ మాత్రమే విని రాక్ వాయించేవాళ్లకు అది అంత తేలిగ్గా పట్టుబడదు.

1964లో బడి అయిపోగానే తండ్రి దగ్గరే వడ్రంగం పనిలో చేరాడు. పగలు పని, రాత్రి క్లబ్బుల్లో వాయింపు. చుట్టుపక్కల చిన్న చిన్న బ్యాండ్లలో వాయించాడు. అందులో ఒకదాంట్లో రాబర్ట్ ప్లాంట్ అనే గాయకుడు కలిశాడు. పదిహేడేళ్లకే పాట్ అనే అమ్మాయితో పెళ్లయింది. కాపురం ఒక కారవాన్‌లో. 1966 జులైలో కొడుకు జేసన్ పుట్టాడు. పెళ్లయ్యాక డ్రమ్స్ మానేస్తానని భార్యకు మాటిచ్చాడు. రాత్రి ఇంటికి రాగానే మళ్లీ డ్రమ్స్ ముందు కూర్చునేవాడు. వాయించకపోతే మనిషి నీరుగారిపోయేవాడు. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, రాక్ స్టార్ అనగానే డబ్బున్న ఇంటి బిడ్డనో, గాలికి తిరిగేవాడినో ఊహించుకుంటాం. ఇతనికి పద్దెనిమిదేళ్లకే భార్య, బిడ్డ, అద్దె టెన్షన్.

1967లో ప్లాంట్, బోనమ్ కలిసి బ్యాండ్ ఆఫ్ జాయ్ అనే బ్యాండ్‌లో ఉన్నారు. అది నిలబడలేదు. 1968లో టిమ్ రోజ్ అనే అమెరికన్ గాయకుడు తన టూర్‌కు బోనమ్‌ను తీసుకున్నాడు. జీవితంలో మొదటిసారి వారం వారం జీతం చేతికి వస్తోంది. సరిగ్గా అప్పుడే లండన్‌లో జిమ్మీ పేజ్ అనే గిటారిస్ట్ కొత్త బ్యాండ్ కోసం మనుషుల్ని వెతుకుతున్నాడు. గాయకుడిగా ప్లాంట్ ఖాయమయ్యాడు. డ్రమ్మర్‌గా బోనమ్‌ను చూడమని ప్లాంటే చెప్పాడు. పేజ్ జులైలో ఒక క్లబ్బుకు వెళ్లి బోనమ్ వాయిస్తుండగా విన్నాడు, ఇక వేరేవాళ్ల గురించి ఆలోచించలేదు. బోనమ్ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. వచ్చే జీతం వదులుకుని ఇంకా పేరు కూడా లేని బ్యాండ్‌లోకి ఎలా వెళ్లడం? జో కాకర్, క్రిస్ ఫార్లో కూడా అతన్ని రమ్మని అడుగుతున్నారు. వాళ్లప్పటికే పేరున్నవాళ్లు. బోనమ్ వెళ్లే పబ్‌కు ప్లాంట్ ఎనిమిది టెలిగ్రాములు పంపాడని, మేనేజర్ పీటర్ గ్రాంట్ ఇంకో నలభై పంపాడని చెప్పుకుంటారు. చివరికి ఒప్పుకున్నాడు. డబ్బు కంటే ఆ సంగీతం తనకు నచ్చడమే కారణమని తర్వాత చెప్పాడు.

నలుగురూ 1968 ఆగస్టులో లండన్ జెరార్డ్ స్ట్రీట్‌లో ఒక చిన్న గదిలో మొదటిసారి కలిసి వాయించారు. నాలుగోవాడు బాస్ గిటార్ వాయించే జాన్ పాల్ జోన్స్. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఒలింపిక్ స్టూడియోలో మొదటి ఆల్బమ్ రికార్డు చేశారు. మొత్తం సుమారు 36 గంటల స్టూడియో టైమ్‌లో పని పూర్తయింది. 1969 జనవరిలో ఆల్బమ్ వచ్చింది.

ఇక్కడ మీ డబుల్ పెడల్ ప్రశ్నకు వస్తాను. ఆ ఆల్బమ్‌లో మొదటి పాట 'గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్'. నిడివి మూడు నిమిషాల్లోపే. అందులో కిక్ డ్రమ్ (కాలితో పెడల్ తొక్కి వాయించే పెద్ద డ్రమ్) మీద దడదడమని వచ్చే దెబ్బలు విని అప్పటి డ్రమ్మర్లు చాలామంది, ఇతను రెండు కాళ్లతో రెండు కిక్ డ్రమ్ములు వాయిస్తున్నాడని అనుకున్నారు. అక్కడున్నది ఒకే కిక్ డ్రమ్, ఒకే పెడల్, ఒకే కుడికాలు. మన లెక్కలో చెప్పాలంటే తిశ్రం. 'తకిట' అనే మూడు అక్షరాలు గబగబా దొర్లుతుంటే అందులో రెండు కాలితో పడతాయి, ఒకటి చేతికి వదిలేస్తాడు. వినేవాడి చెవికి మూడూ కలిసి ఒకే ప్రవాహంలా అందుతాయి. ఇరవై ఏళ్ల కుర్రాడు చేసిన పని అది. లుడ్విగ్ కంపెనీ తయారు చేసిన స్పీడ్ కింగ్ అనే పెడల్ అంటే అతనికి ఇష్టం. ఆ పెడల్ కీచుమనేది కూడా. 1970లో వచ్చిన మూడో ఆల్బమ్‌లో 'సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ' అనే నెమ్మది పాట ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినమనండి. కాలు పడ్డ ప్రతిసారీ ఆ కీచుశబ్దం సన్నగా వినిపిస్తుంది. రికార్డులో అలాగే ఉండిపోయింది.

కాబట్టి డబుల్ పెడల్ ఇప్పుడే వద్దు. మీ అబ్బాయి వాయించాలనుకునేది మెటల్ (బాగా వేగమైన, బరువైన రాక్) అయితే రేపు అది కావాల్సిందే, నేను కాదనను. కానీ ఒక కాలు స్థిరపడకుండా రెండో కాలికి పని చెబితే రెండూ తడబడతాయి. మడమ ఎత్తి, తొడ కండరంతో తొక్కకుండా, చీలమండ దగ్గర కదలికతో రెండు దెబ్బలు సమానంగా వేయడం రావాలి. రెండో దెబ్బ మొదటిదాని కంటే మెత్తగా పడుతోందంటే ఇంకా రాలేదన్నమాట. ఆ డబ్బుతో ఒక మంచి సింగిల్ పెడల్ కొనిపెట్టండి, లయ తప్పకుండా టిక్ టిక్‌మనే మెట్రోనోమ్ ఫోన్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

ఇక ఆ పెద్ద శబ్దం సంగతి. నా దృష్టిలో బోనమ్ గురించి అందరూ తెలుసుకోవాల్సింది ఇదే.

మొదటి అమెరికా టూర్‌లో జెపలిన్ వాళ్లు వనిల్లా ఫడ్జ్ అనే బ్యాండ్ కచేరీలకు ముందు వాయించేవాళ్లు. ఆ బ్యాండ్ డ్రమ్మర్ కార్మైన్ అపీస్ మాట సాయంతో బోనమ్‌కు లుడ్విగ్ కంపెనీ కిట్ దొరికింది. అప్పటినుంచి చివరిదాకా అతను ఆ కంపెనీ కిట్లే వాడాడు. కిక్ డ్రమ్ 26 అంగుళాలు. ఇప్పుడు మన దగ్గర కిట్లలో మామూలుగా ఉండేది 22. అంత పెద్ద డ్రమ్‌ను చాలామంది దిండ్లు, దుప్పట్లు కుక్కి మూగగా చేసి వాయిస్తారు. బోనమ్ దాన్ని దాదాపు ఖాళీగా వదిలేసి, స్కిన్ బాగా బిగించి, శ్రుతి పైకి పెట్టేవాడు. టామ్‌లు, అంటే కర్రలతో వాయించే మిగతా డ్రమ్ములు, కూడా అంతే. పెద్ద డ్రమ్, బిగువైన స్కిన్, లోపల అడ్డం లేని గాలి. దాని మీద దెబ్బ పడితే డ్రమ్ మోగుతుంది. వదులు స్కిన్ మీద ఎంత బలంగా కొట్టినా 'దబ్' అని చచ్చిపోతుంది. మీ అబ్బాయి కిట్ శ్రుతి ఎప్పుడైనా సరిచేశారా? చాలా ఇళ్లలో కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. మోగని డ్రమ్‌ను మోగించాలని పిల్లాడు ఇంకా గట్టిగా బాదుతుంటాడు. శ్రుతి చేసే తాళంచెవి కిట్‌తోనే వస్తుంది, సారును అడిగి ఒక ఆదివారం కూర్చుని నేర్చుకోమనండి.

రెండో సంగతి మైకుల స్థానం. 1971 నవంబరులో వచ్చిన నాలుగో ఆల్బమ్‌లో చివరి పాట 'వెన్ ద లెవీ బ్రేక్స్'. 1927లో మిసిసిపి నదికి వచ్చిన వరదల మీద 1929లో కాన్సస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ అనే నల్లజాతి కళాకారులు రికార్డు చేసిన బ్లూస్ పాట దీనికి మూలం. జెపలిన్ వాళ్లు దాన్ని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో రికార్డు చేశారు. హ్యాంప్‌షైర్‌లో ఉన్న ఆ ఇల్లు 1795లో నిరుపేదలను ఉంచడానికి కట్టింది. రోలింగ్ స్టోన్స్ బ్యాండ్‌కు ఒక మొబైల్ స్టూడియో, అంటే రికార్డింగ్ పరికరాలు అమర్చిన పెద్ద వ్యాన్, ఉండేది. దాన్ని అద్దెకు తెచ్చి బయట నిలబెట్టారు. బోనమ్ కిట్‌ను ఇంటి ముందు హాల్లో, మెట్ల కింద పెట్టారు. ఇంజనీర్ ఆండీ జాన్స్ రెండు మైకులను పైఅంతస్తు మెట్ల దగ్గర నుంచి కిందికి వేలాడదీశాడు. డ్రమ్ దగ్గర మైకు లేదు. ఆ రెంటిలోకి వచ్చిన శబ్దాన్ని కంప్రెస్ చేసి, అంటే పెద్ద, చిన్న చప్పుళ్ల మధ్య తేడా తగ్గించి, పేజ్ దగ్గరున్న ఎకో పరికరంలోంచి కొంచెం పంపించారు. అంతే. మీరు వినే ఆ కొండంత శబ్దం అలా పుట్టింది. ఆ మెట్ల గది గోడలు, ఎత్తు, గాలి, అన్నీ అందులో ఉన్నాయి. 1986లో బీస్టీ బాయ్స్ అనే ర్యాప్ బృందం ఆ మొదటి తాళాన్ని అలాగే ఎత్తి తమ పాటలో పెట్టుకుంది. తర్వాత ఎంతమంది వాడుకున్నారో లెక్కలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, దీన్ని నేను ప్రతి శిష్యుడికీ చెప్తాను. ఈ రోజుల్లో ఒక్కో డ్రమ్‌కు ఒక్కో మైకు పెడతాం. స్నేర్ తక్కువ పడితే తర్వాత కంప్యూటర్‌లో పెంచుకోవచ్చు. రెండే మైకులు, అవి కూడా అంత దూరంలో ఉంటే ఆ అవకాశం లేదు. కిక్ ఎంత, స్నేర్ ఎంత, సింబల్ (లోహపు పళ్లెం) ఎంత అనేది వాయించేవాడి చేతుల్లోనే తేలిపోవాలి. సింబల్ మీద ఒక్క దెబ్బ ఎక్కువ పడితే మిగతావన్నీ దాని కింద పడి కనిపించకుండా పోతాయి. బోనమ్ పాట మొత్తం ఏడు నిమిషాలూ ఆ తూకం తప్పలేదు. బలంగా బాదేవాడి వల్ల అయ్యే పని కాదు ఇది. ఏ అవయవం ఎంత బరువు వేస్తోందో క్షణక్షణం తెలిసినవాడికే సాధ్యం. మీ అబ్బాయిని ఫోన్ గదికి ఆ మూల పెట్టి, ఒక మామూలు తాళం రెండు నిమిషాలు వాయించి రికార్డు చేసుకుని వినమనండి. హై హ్యాట్ (కాలితో తెరిచి మూసే జంట సింబల్స్) తప్ప ఇంకేమీ వినిపించదు. నేను నేర్పిన పిల్లల్లో ఎక్కువమందికి కళ్లు తెరిపించింది ఆ రెండు నిమిషాల రికార్డింగే.

మూడో సంగతి అతని చెవి. పాటలో ఎక్కడ వాయించకూడదో బోనమ్‌కు తెలుసు. 'స్టెయిర్‌వే టు హెవెన్' అందరికీ తెలిసిన పాట. ఎనిమిది నిమిషాల పాటలో డ్రమ్స్ వచ్చేది నాలుగు నిమిషాలు దాటాక. అప్పటిదాకా అతను లేడు. వచ్చినప్పుడు కూడా హడావుడి చేయకుండా, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు వస్తాడు. అదే ఆల్బమ్‌లో 'బ్లాక్ డాగ్' అనే పాట ఉంది. జోన్స్ తయారుచేసిన ఆ గిటార్ వరుస మెలికలు తిరిగిపోతుంది, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో లెక్క దొరకదు. మామూలు డ్రమ్మర్ ఆ మెలికలన్నిటినీ డ్రమ్ మీద కూడా వాయించాలని చూస్తాడు. బోనమ్ కింద నాలుగు లెక్కను నిటారుగా పట్టుకుని నిలబడ్డాడు. గిటార్ ఎంత దూరం తిరిగినా తిరిగి వచ్చి ఇతని దగ్గరే చేరాలి. ప్లాంట్ ఒక్కడే పాడే చోట్ల, మిగతావాళ్లు మళ్లీ అందుకునే ముందు, కర్రలు రెండూ కొట్టి లెక్క ఇచ్చే 'టిక్' చప్పుడు వినిపిస్తుంది చూడండి.

'కాశ్మీర్' కూడా ఇలాంటిదే. 1975లో వచ్చిన ఆల్బమ్‌లోది. పేరు చూసి మనవాళ్లు ఆశగా వింటారు, కానీ ఆ పాట మాటలు ప్లాంట్‌కు తట్టింది దక్షిణ మొరాకో ఎడారి దారుల్లో ప్రయాణిస్తున్నప్పుడు. కాశ్మీర్‌తో దానికి సంబంధం లేదు. సంగీతం మాత్రం పేజ్, బోనమ్ ఇద్దరే కూర్చుని మొదలుపెట్టింది. గిటార్ వరుస మూడు లెక్కలో 'తకిట తకిట' అని నడుస్తుంది. కింద డ్రమ్ 'తకధిమి తకధిమి' అని నాలుగులో నడుస్తుంది. నాలుగు తకిటలకు, మూడు తకధిములకు, పన్నెండో అక్షరం తర్వాత ఇద్దరూ మళ్లీ ఒకే చోట కలుస్తారు. మృదంగం, కంజీర నేర్చుకున్నవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే చేత్తో తాళం వేసి చూపించమనండి, ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. నాకు బోనమ్ మీద గౌరవం పెరిగింది ఇక్కడే. ఇంత లెక్క ఉన్న పాటలో అతను వాయించింది అతి మామూలు బీట్. ఒక్క అలంకారం ఎక్కువ వేసినా గిటార్ నడక వినేవాడికి అందేది కాదు. తన గొప్ప చూపించుకోవాలన్న తాపత్రయం లేదు.

అలాగని చూపించాల్సిన చోట చూపించకుండా లేడు. 'మోబీ డిక్' అని డ్రమ్ సోలో ఉంది, కచేరీల్లో అది ఇరవై నిమిషాలు దాటిపోయేది. మధ్యలో కర్రలు పక్కనపెట్టి ఒట్టి చేతులతో వాయించేవాడు. 1970 జనవరి 9న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో వాయించిన వీడియో ఉంది. అందులో భుజాలు ఎంత తక్కువ కదులుతున్నాయో, పనంతా మణికట్టు ఎలా చేస్తోందో కళ్లారా చూడొచ్చు. నిజం చెప్పాలంటే ఆ చేతులు చూడటం తప్ప, అంత పొడవు సోలోల నుంచి నేర్చుకునేది తక్కువని నా అభిప్రాయం.

అపార్ట్‌మెంట్‌లో ఉంటూ చప్పుడు సమస్య ఉన్నవాళ్లకు నేను ఇచ్చే పాట 'ఫూల్ ఇన్ ద రెయిన్'. 1979లో, బోనమ్ బతికుండగా వచ్చిన చివరి ఆల్బమ్‌లోది. దీన్ని పెద్దగా చప్పుడు రాని రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ మీద కూడా సాధన చేయొచ్చు. ఒక్కో బీటును 'తకిట' అని మూడుగా విడదీయాలి. మొదటి, మూడో అక్షరాలు కుడిచేత్తో హై హ్యాట్ మీద. మధ్య అక్షరం ఎడంచేత్తో స్నేర్ మీద, కర్ర స్కిన్‌ను తాకిందో లేదో అన్నంత మెత్తగా. వాటిని ఘోస్ట్ నోట్స్ అంటారు. పెద్ద దెబ్బ మూడో బీట్ మీద ఒక్కటే. మధ్యలో హై హ్యాట్ ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది. అమెరికన్ డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ ప్రసిద్ధి చేసిన షఫుల్ (మూడేసి అక్షరాల మీద ఊగే నడక) ఇది, బోనమ్ దాన్ని తన పద్ధతిలోకి మార్చుకున్నాడు. తర్వాత టోటో బ్యాండ్ డ్రమ్మర్ జెఫ్ పొర్కారో 1982లో 'రోజానా' పాటకు ఈ ఇద్దరి నుంచీ తీసుకున్నానని స్వయంగా చెప్పాడు. ఆ పెద్ద దెబ్బ పెద్దగా వినిపించేది చుట్టూ ఉన్న చిన్న దెబ్బల వల్లే. అన్నీ ఒకే బలంతో కొడితే తాళం చదునైపోతుంది. మీ అబ్బాయి ఇది నెలా రెండు నెలలు ఓపికగా చేస్తే ఎడంచెయ్యి పూర్తిగా మారిపోతుంది, పక్కింటివాళ్లకు తెలియను కూడా తెలియదు.

ఇక తాగుడు. ఇది మీరు నేరుగా అడిగారు, నేనూ దాచకుండా చెప్తాను.

బోనమ్‌కు ఇల్లు వదలడం ఇష్టం ఉండేది కాదు. విమానాలంటే భయం. డబ్బు వచ్చాక 1972లో సొంత ప్రాంతంలోనే ఒక పొలం కొన్నాడు, పశువులను పెంచాడు. 1976లో వచ్చిన బ్యాండ్ సినిమాలో అతని భాగం చూస్తే పొలం, పశువులు, కార్లు, చిన్న డ్రమ్ కిట్ వాయిస్తున్న పిల్లాడు జేసన్ కనిపిస్తారు. ఆ మనిషిని నెలల తరబడి అమెరికా హోటళ్లలో పెడితే దిగులును తాగుడుతో నింపుకున్నాడు. తాగితే మనిషి మారిపోయేవాడు. 1977 జులైలో ఓక్లండ్‌లో కచేరీ నిర్వాహకుడి సిబ్బందిని కొట్టిన గొడవలో మేనేజర్ గ్రాంట్‌తో పాటు ఇతని మీదా కేసు పడింది, జరిమానా, వెంటనే జైలుకు వెళ్లక్కర్లేని సస్పెండెడ్ శిక్ష పడ్డాయి. ఇది బోనమ్‌ను ప్రేమించేవాళ్లు పక్కకు నెట్టేసే విషయం. నెట్టకూడదు. దెబ్బలు తిన్నవాళ్లు కూడా మనుషులే.

తాగుడు వల్ల అతని వాయింపుకు మేలు జరిగిందని ఎవరైనా అంటే నమ్మకండి. నేను పైన చెప్పిన పాటలన్నీ చూడండి, ఆ తూకం, ఆ లెక్క మత్తులో వచ్చేవి కావు. 1980 జూన్ 27న జర్మనీలోని న్యూరంబర్గ్‌లో మూడో పాట అయ్యేసరికి స్టేజీ మీదే కుప్పకూలాడు, కచేరీ ఆగిపోయింది. తాగుడు అతని వాయింపుకు ఇచ్చింది అదే.

మూడు నెలలు గడిచాయి. అక్టోబరులో అమెరికా టూర్ మొదలవ్వాలి. సెప్టెంబరు 24న రిహార్సల్స్‌కు వెళ్తూ దారిలో పొద్దున్నే వోడ్కా మొదలుపెట్టాడు. రిహార్సల్స్‌లో కూడా ఆపలేదు. రాత్రి విండ్సర్ దగ్గర ఉన్న పేజ్ ఇంట్లో పడుకోబెట్టారు. మర్నాడు మధ్యాహ్నం జాన్ పాల్ జోన్స్, బ్యాండ్ సిబ్బందిలో ఒకరు వెళ్లి చూస్తే అప్పటికే ప్రాణం లేదు. నిద్రలో వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. దాదాపు నలభై పెగ్గుల వోడ్కా తాగి ఉంటాడని విచారణలో తేలింది, ప్రమాదవశాత్తూ జరిగిన మరణమని నిర్ధారించారు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎవరో ఒకరు దగ్గర కూర్చుని ఉంటే బతికేవాడేమో అనిపిస్తుంది నాకు. అతిగా తాగిన మనిషిని గదిలో ఒంటరిగా వదలకూడదనేది ప్రతి కాలేజీ పిల్లాడికీ తెలియాల్సిన విషయం. మీ అబ్బాయికి ఈ భాగం దాచకండి, పదిహేనేళ్లవాడికి అర్థమవుతుంది. వాడు ఎలాగూ ఇంటర్నెట్‌లో చదువుతాడు, అక్కడ దీన్ని రాక్ స్టార్ కథలా మార్చి రాస్తారు. ఇంట్లో పద్నాలుగేళ్ల జేసన్, ఐదేళ్ల చెల్లెలు జోయి ఉన్నారన్న సంగతి మీరు చెప్పండి.

ఆదర్శమా అంటే, వాయింపుకు ఆదర్శమే. మిగతా జీవితంలో కష్టపడిన వడ్రంగి కుర్రాడున్నాడు, ఇంటి మీద బెంగపడ్డ తండ్రి ఉన్నాడు, తాగి చెయ్యెత్తిన మనిషీ ఉన్నాడు. అంతా కలిపి ఒక్కడే. పిల్లాడికి మొత్తం తెలియడం మేలు.

ఆ డిసెంబరు 4న మిగతా ముగ్గురూ ఒక ప్రకటన ఇచ్చారు, ఇక తాము ఇదివరకటిలా కొనసాగలేమని. ఆదాయం కోట్లలో ఉన్న బ్యాండ్ అది. ఇంకో డ్రమ్మర్‌ను పెట్టుకుని నడపడం వ్యాపారపరంగా తేలికే, చాలా బ్యాండ్లు అలాగే చేశాయి. వీళ్లు చేయలేదు. 1985లో లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీ కోసం ఫిల్ కాలిన్స్, టోనీ థాంప్సన్ అనే ఇద్దరు డ్రమ్మర్లతో కలిసి వాయించారు. ఇద్దరూ ఉద్దండులే, అయినా ఆ వాయింపు కుదరలేదు, వాళ్లకే నచ్చలేదు. బోనమ్ స్థానం ఏమిటో తెలియడానికి అంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు. పాట తెలిసిన డ్రమ్మర్ వేరు, పేజ్ చెయ్యి ఎప్పుడు కాస్త వెనక్కి లాగుతుందో తెలిసిన డ్రమ్మర్ వేరు.

అది తెలిసినవాడు ఇంకొకడు ఇంట్లోనే తయారయ్యాడు. 2007 డిసెంబరు 10న లండన్ ఓ2 ఎరీనాలో ఆ ముగ్గురూ మళ్లీ పూర్తి కచేరీ ఇచ్చినప్పుడు డ్రమ్స్ ముందు కూర్చున్నది జేసన్ బోనమ్. ఆ కచేరీ వీడియో అధికారికంగానే వచ్చింది. మీ అబ్బాయికి 1970 ఆల్బర్ట్ హాల్ వీడియో చూపించిన తర్వాత ఇది చూపించండి. ముందు 'కాశ్మీర్' రెండు చోట్లా వినమనండి, ఆల్బమ్‌లో తండ్రిది, ఓ2లో కొడుకుది. ఇద్దరి మధ్య తేడా ఎక్కడుందో ఒక కాగితం మీద రాసుకుని సారుకు చూపించమనండి. ఆ తర్వాత 'ఫూల్ ఇన్ ద రెయిన్' ప్యాడ్ మీద, మెట్రోనోమ్‌ను సగం వేగంలో పెట్టి మొదలుపెట్టాలి. 'గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్' జోలికి కనీసం ఆర్నెల్లు వెళ్లొద్దనండి. కాలి నొప్పి వస్తే ఆపేయాలి, నొప్పిలో సాధన చేసి చీలమండ పాడుచేసుకున్న పిల్లల్ని చూశాను. ఎక్కడైనా ఆగిపోతే ఆ భాగం ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడే పెట్టమనండి, విని చెప్తాను.